నాలుగో పదం ఎక్కడిది?

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో కారణాంక విభజన పాఠం తెరిస్తే నాలుగేసి పదాల సమాసాలు బారులు తీరి కనిపిస్తాయి. మొదటి రెండు పదాలను ఒక జతగా, తర్వాతి రెండింటిని ఇంకో జతగా కట్టాలి. ఒక్కో జతలో ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీయాలి. రెండు చోట్లా బ్రాకెట్లో ఒకే సమాసం మిగిలితే దాన్ని కూడా బయటికి తెచ్చి, రెండు బ్రాకెట్ల లబ్ధంగా రాసేయాలి. లెక్క కుదరకపోవడమంటూ ఉండదు. పుస్తకం రాసినవాళ్లు ముందే రెండు బ్రాకెట్లను గుణించి, వచ్చిన నాలుగు పదాలను విప్పి పిల్లవాడి ముందు పోశారు కాబట్టి, వాడు చేసేదల్లా వాటిని తిరిగి సర్దిపెట్టడమే. ఎందుకు సర్దాలి అని అడిగితే పాఠంలో జవాబు ఉండదు. ఆ జవాబు ఈ పద్ధతి చరిత్రలో దొరుకుతుంది. పాత గణితజ్ఞుల చేతిలో ఈ పని మొదలైనప్పుడు నాలుగు పదాలు లేవు, మూడే ఉన్నాయి. లేని నాలుగోదాన్ని కనిపెట్టి చేర్చడమే అసలు విద్య. జతలు కట్టడం దాని తర్వాత వచ్చే చిన్న పని. మన బడి ఆ పెద్ద పనిని వదిలేసి చిన్నదాన్ని మాత్రమే పట్టుకుందని నా వాదన.

సాక్ష్యం 1150 నాటిది. భాస్కరాచార్యుడు బీజగణితం అనే తన గ్రంథంలో భావితం అనే ప్రకరణం రాశాడు. రెండు తెలియని రాశులు ఒకదానితో ఒకటి గుణించుకుని ఉండే సమీకరణాలకు ఆ పేరు. అందులో ఒక లెక్క ఇది: రెండు సంఖ్యలున్నాయి, ఒకదాన్ని నాలుగుతోనూ ఇంకోదాన్ని మూడుతోనూ గుణించి కలిపి, దానికి రెండు చేరిస్తే ఆ రెండు సంఖ్యల లబ్ధమే వస్తుంది, ఆ సంఖ్యలేవి? తెలియని రాశుల్లో మొదటిదానికి తప్ప మిగతావాటికి ఆ కాలపు బీజగణితంలో రంగుల పేర్లుండేవి. మొదటిది యావత్తావత్తు, రెండోది కాలకం, మూడోది నీలకం. వాటి తొలి అక్షరాలే గుర్తులు. తెలిసిన అంకెకు రూపం అనే మాటలోంచి రూ అనీ, రెండు రాశుల లబ్ధానికి భా అనీ రాసేవారు. రుణరాశి అయితే అంకె నెత్తిన చుక్క. సమీకరణం రెండు పక్షాలూ ఒకదాని కింద ఒకటి వచ్చేవి: పైన యా 4 కా 3 రూ 2, కింద యా కా భా 1. మధ్యలో సమాన చిహ్నం లేదు, కూడిక గుర్తు లేదు, బ్రాకెట్టు లేదు. మన సౌకర్యానికి ఆ రాశులను య, క అనుకుందాం. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది: యక = 4య + 3క + 2.

దీన్ని చేయడానికి ఒక తేలిక దారి ఉంది. కకు ఏదో ఒక విలువ అనుకుంటే సమీకరణంలో య ఒక్కటే మిగులుతుంది. భాస్కరుడు ముందు ఈ దారినే చూపించాడు. క 5 అనుకుంటే 5య = 4య + 17, అంటే య 17. బాగానే ఉంది. క 6 అనుకుంటే య 10, అదీ బాగానే ఉంది. 7 అనుకునేసరికి యకు 23లో మూడో వంతు వస్తుంది, 8కి ఆరున్నర, 9కి 29లో ఐదో వంతు, 10కి 32లో ఆరో వంతు. మళ్లీ 11 దగ్గర గానీ పూర్ణాంకం పడదు. అడిగింది పూర్ణాంకాలనయితే ఈ దారి చీకట్లో తడుముకోవడమే. ఇంకా ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఆగాలో తెలియదు. అందుకే శ్రమ లేకుండా పూర్ణాంకాలు రాబట్టే రెండో పద్ధతి ఒకటి చెప్పాడు. రాశుల గుణకాలైన 4నూ 3నూ గుణించి, ఆ 12కు రూపమైన 2 కలిపితే 14. పద్నాలుగును ఏవైనా రెండు సంఖ్యల లబ్ధంగా విడగొట్టు. ఆ రెండింటినీ గుణకాలకు మార్చి మార్చి కలుపు. రాశులు దొరికినట్టే. 1, 14గా విడగొడితే 4, 18 ఒక జవాబు, 17, 5 ఇంకొకటి. 2, 7గా విడగొడితే 5, 11, తర్వాత 10, 6. పద్నాలుగును విడగొట్టే తీరులు అయిపోయాయి కాబట్టి, ధన పూర్ణాంకాల్లో ఇంకో జవాబు లేదని కూడా తేలిపోయింది. తడుముకునే దారికి ఎన్నడూ దక్కని నిశ్చయం ఇది.

ఆ 12 ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. భాస్కరుడు దానికి బొమ్మతో జవాబు చెప్పాడు. య పొడవు, క ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం ఒకటి గీయండి. దాని వైశాల్యం యక. అడుగున పొడవంతా నాలుగు ఎత్తున్న పట్టీ తీయండి, అది 4య. పక్కన ఎత్తంతా మూడు వెడల్పున్న పట్టీ తీయండి, అది 3క. ఈ రెండు పట్టీలూ మూల దగ్గర ఒకదానిమీదొకటి పడతాయి. అక్కడ మూడు వెడల్పు, నాలుగు ఎత్తు ఉన్న పన్నెండు గళ్ల ముక్క రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. మొత్తంలోంచి 4య, 3క తీసేస్తే మిగిలేది 2 అని లెక్కే చెబుతోంది. కానీ పన్నెండు గళ్లను ఒకసారి ఎక్కువ తీసేశాం కనుక, బొమ్మలో నిజంగా మిగిలిన భాగం 14. ఆ మిగిలిన భాగం కూడా దీర్ఘచతురస్రమే, దాని భుజాలు య − 3, క − 4. ఈనాటి రాతలో చెప్పాలంటే యక − 4య − 3క అన్న మూడు పదాలకు 12 చేర్చాక గానీ అది (య − 3)(క − 4) కాలేదు. జతలుగా కట్టి చూడండి: మొదటి రెండు పదాల్లోంచి య బయటికొస్తే క − 4 మిగులుతుంది, తర్వాతి రెండింటిలోంచి −3 బయటికొస్తే మళ్లీ క − 4 మిగులుతుంది. బడిలో మనం చేసేది సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే, ఆ మూల ముక్కను భాస్కరుడు వెతికి తెచ్చుకున్నాడు, మనకు పుస్తకమే పెట్టి ఇస్తుంది.

ఈ లెక్క దగ్గరే భాస్కరుడు ఇంకో మాట అంటాడు, ప్రకరణం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. ఉపపత్తి, అంటే ఎందుకలా అవుతుందో చూపించడం, రెండు రకాలట. ఒకటి క్షేత్రగతం, బొమ్మ మీద నడిచేది. రెండోది రాశిగతం, గుర్తుల మీద నడిచేది. బొమ్మతో గ్రహించలేనివాళ్లకు రాశులతో చూపించాలట. ఉపపత్తితో కూడిన గణనాన్నే బీజగణితమంటారని, అది లేకపోతే అంకెల లెక్కలైన పాటీగణితానికీ బీజానికీ తేడాయే ఉండదని కూడా అంటాడు. ఈ మాట అనడానికి అతను భావితాన్ని ఎంచుకోవడం కాకతాళీయం కాదనుకుంటాను. భావితం నియమం ఒట్టిగా చదివితే గారడీలా ఉంటుంది: ఇవి గుణించు, అది కలుపు, విడగొట్టు, మార్చి చేర్చు. మూల ముక్కను చూడనివాడికి అది బట్టీ పట్టాల్సిన వంట పద్ధతి మాత్రమే. నియమం అప్పటికే పాతది. 628 నాటి బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం పద్దెనిమిదో అధ్యాయంలో బ్రహ్మగుప్తుడు దాన్ని చెప్పాడు. చెప్పి, ఒక్కటి తప్ప మిగతా రాశులకు ఇష్టమొచ్చిన విలువలు వేసుకుంటే ఇంత అవసరం లేదు కదా అన్న ధోరణిలో సాగిపోయాడు. ఐదు వందల ఏళ్ల తర్వాత భాస్కరుడు ఆ నియమాన్నే మళ్లీ చేతిలోకి తీసుకుని, దానికి కారణం జోడించి నిలబెట్టాడు. ఆ కారణం వ్యాఖ్యానాల్లోకీ పాకింది. భాస్కరుడి గ్రంథాలు చదివించడానికి అతని మనవడు చంగదేవుడు మఠం పెట్టించిన సంగతి నేటి మహారాష్ట్ర జల్గావ్ జిల్లాలోని పాటణ్‌లో 1207 నాటి శాసనం చెబుతోంది. 1600 ప్రాంతంలో కృష్ణదైవజ్ఞుడు బీజపల్లవం అనే వ్యాఖ్య రాసేనాటికి ఉపపత్తులే ఆ చదువుకు గుండెకాయ.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది చిన్నదేమీ కాదు. భాస్కరుడు బహుపదులను కారణాంకాలుగా విడగొట్టాడనడం ఇవాళ్టి కళ్లద్దాలతో పాత పుస్తకం చదవడమేనని చరిత్రకారులు అంటారు. నిజమే, అతను (య − 3)(క − 4) అని ఎక్కడా రాయలేదు. అన్నిటినీ ఒక పక్షానికి తెచ్చి రెండో పక్షాన్ని సున్నా చేయడం అతని అలవాటు కాదు. బహుపది తనకు తానుగా ఒక వస్తువు, దానికి కారణాంకాలు అనే గుణం ఉంటుంది అన్న ఊహ ఆ కాలానిది కాదు. ఇదంతా ఒప్పుకుంటాను. అయినా నా వాదనకు అంత పెద్ద ఊహ అక్కర్లేదు. కావలసిందల్లా పని. మూడు పదాలను చూసి వాటి వెనక ఒక దీర్ఘచతురస్రం దాగి ఉందని పసిగట్టడం, దాని మూల లేదని గుర్తించడం, ఆ మూలను పూరించి భుజాలు చదవడం. ఈ మూడూ బీజగణితం పుటల్లో స్పష్టంగా ఉన్నాయి. బ్రాకెట్టు అనే రాత పరికరం తర్వాత వచ్చినంత మాత్రాన ఆ పని తర్వాత పుట్టిందని అనలేం.

ఇంకో ప్రశ్న కూడా న్యాయమైనదే. మన బడుల్లో జతలు కట్టడం ఎక్కువగా వాడేది వర్గ సమీకరణాలకు. మధ్యపదాన్ని రెండుగా చీల్చి, నాలుగు పదాలు చేసి, జతలు కడతారు. ఇది అంత పాతదైతే పూర్వులు వర్గ సమీకరణాలను ఇలా ఎందుకు చేయలేదు? వాళ్లకు అంతకంటే గట్టి పద్ధతి ఉంది కాబట్టి. రెండు పక్షాలనూ వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో గుణించి, మధ్యపదం గుణకపు వర్గాన్ని కలిపితే ఒక పక్షం పూర్ణవర్గం అయిపోతుందని గణితజ్ఞుడు శ్రీధరుడి సూత్రం. భాస్కరుడు దాన్ని శ్రీధరుడి పేరుతోనే ఉదహరించాడు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ కూడా వర్గాన్ని పూరించే దారినే నడిచాడు, అతనికీ ఆధారం బొమ్మే. ఇక్కడా జరిగేది లేని ముక్కను కలపడమే. మూలాలు అకరణీయ సంఖ్యలైనా కాకపోయినా ఈ పద్ధతి నడుస్తుంది. మధ్యపదాన్ని చీల్చే పద్ధతి అంకెలు అనుకూలిస్తేనే నడుస్తుంది, అనుకూలించకపోతే ఎన్ని జతలు వెతికినా దొరకవు. లెక్క పుట్టేది పొలంలోనో గ్రహగతిలోనో అయినప్పుడు అంకెలు అనుకూలిస్తాయని ఎవరు హామీ ఇస్తారు? ఆ హామీ ఇవ్వగలిగేది ప్రశ్నపత్రం తయారుచేసేవాడు ఒక్కడే.

ముందే గుణించి పెట్టుకున్న నాలుగు పదాలు చరిత్రలోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే ఇంగ్లండు వెళ్లాలి. థామస్ హ్యారియట్ 1585లో వర్జీనియా తీరానికి వెళ్లొచ్చిన నావికా గణితజ్ఞుడు, 1609 వేసవిలో దుర్బిణీతో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీసినవాడు. 1621లో చనిపోయాడు. అతని బీజగణితం పదేళ్ల తర్వాత, 1631లో, లాటిన్‌లో పుస్తకంగా వచ్చింది. తెలియని రాశికి అ అనీ తెలిసినవాటికి బ, చ అనీ గుర్తులనుకుంటే, అతను అ − బనూ అ + చనూ గుణించి అఅ − బఅ + చఅ − బచ అని నాలుగు పదాలు రాబట్టాడు. మూడేసి, నాలుగేసి బ్రాకెట్లనూ ఇలాగే గుణించి పట్టికలు వేశాడు. ఇది పిల్లల అభ్యాసం కోసం కాదు. సమీకరణాన్ని కట్టి చూస్తే దాని మూలాలకూ గుణకాలకూ ఉన్న బంధం బయటపడుతుందని. 1637లో డెకార్ట్ కూడా తన జ్యామితి గ్రంథంలో, మూలం తెలిస్తే ఆ మేరకు సమీకరణాన్ని భాగించి దాని ఘాతం తగ్గించవచ్చన్నాడు. బహుపది అనే వస్తువు, దానికి కారణాంకాలు అనే గుణం నిజంగా ఇక్కడ రూపు దిద్దుకున్నాయి. ఆ ఘనత వీళ్లది, అందులో సందేహం లేదు. అయితే గమనించండి, హ్యారియట్‌కు గుణించడం ఒక అన్వేషణ. ఆ నాలుగు పదాలను మళ్లీ కట్టమని ఎవరికో పరీక్ష పెట్టడం అతని ఉద్దేశం కాదు.

భావితం లెక్క ఐరోపాలో మళ్లీ తలెత్తింది ఆయిలర్ దగ్గర. 1770లో జర్మన్‌లో అచ్చయిన అతని బీజగణిత గ్రంథం రెండో భాగంలో, లబ్ధానికి మొత్తాన్ని కలిపితే 79 వచ్చే రెండు సంఖ్యలు ఏవి అని ఒక లెక్క ఉంది. భాస్కరుడి పద్ధతిలో 1 చేరిస్తే (య + 1)(క + 1) = 80 అని వెంటనే తేలుతుంది. ఆయిలర్ దీర్ఘచతురస్రాలు గీయలేదు. కను విడదీసి, య + 1తో భాగించి, 80ని య + 1 భాగించాలని పట్టుకున్నాడు. దారి వేరైనా చేరింది ఒక చోటుకే: చేర్చిన ఆ ఒకటి వల్ల బీజగణితం లెక్క 80 కారణాంకాల లెక్కగా మారిపోయింది.

మరి ఈ విద్య బట్టీ కసరత్తుగా ఎలా మారింది? బాధ్యత ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దపు పరీక్షలదే. కేంబ్రిడ్జిలో ఐజాక్ టాడ్‌హంటర్ 1858లో కళాశాలలకూ బడులకూ బీజగణితం రాశాడు. 1885లో హాల్, నైట్ ఇద్దరూ కలిసి బడి పిల్లల కోసం రాశారు. ఆ రెండో పుస్తకంలో కారణాంకాల అధ్యాయం ఉమ్మడి పదం తీయడంతో మొదలై, వెంటనే నాలుగు పదాలను గుంపులు కట్టే అభ్యాసంలోకి దిగుతుంది. మొదట్లో కనిపించే సమాసం హ్యారియట్ పట్టికలోని నాలుగు పదాలకు అచ్చం జోడీ. అతను కట్టినదాన్ని వీళ్లు విప్పమన్నారు, అంతే. ఇలాంటి అభ్యాసాలు వందల కొద్దీ తయారుచేయవచ్చు, దిద్దడం సులువు, జవాబు పుస్తకం చివర ఒక్క పంక్తిలో ఇమిడిపోతుంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో వచ్చి, మెట్రిక్యులేషన్ పరీక్షలు మొదలయ్యాక ఈ పుస్తకాలే మన దేశమంతా పరుచుకున్నాయి. తెలుగు పిల్లలకు బీజగణితం అందింది ఈ దారిలోనే. మన భాషలో తొలి శాస్త్ర గ్రంథంగా చెప్పుకునే పావులూరి మల్లన గణితం, మహావీరాచార్యుడి గణితసార సంగ్రహానికి తెలుగు రూపం, పద్యాల్లో చెప్పిన అంకగణితం. తెలుగులో వేళ్లూనుకున్నది ఆ తరహా పాటీగణితమే. భావితం అప్పుడు తెలుగు బడికి చేరలేదు, ఇప్పుడు చేరిన పుస్తకాల్లోనూ అది లేదు. విచిత్రమేమిటంటే ఆ పుస్తకాలు వచ్చేనాటికి భాస్కరుడు ఇంగ్లీషులో దొరుకుతూనే ఉన్నాడు. షాజహాన్ కాలంలో అతాఉల్లా రషీదీ బీజగణితాన్ని ఫారసీలోకి తెచ్చాడు. ఆ ఫారసీ నుంచి ఎడ్వర్డ్ స్ట్రేచీ 1813లో, నేరుగా సంస్కృతం నుంచి కోల్‌బ్రూక్ 1817లో ఇంగ్లీషు చేశారు. పండితులు చదివారు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు పట్టించుకోలేదు.

ఉపాధ్యాయులు ఒక మాట అంటారు: ఇంత చరిత్ర ఎందుకు, చేతికి అలవాటు పడాలంటే తేలిక లెక్కలు కావద్దా? కావాలి. భిన్నాలను కుదించాలన్నా, పై తరగతుల్లో అవధులు తీయాలన్నా నాలుగు పదాలు చూడగానే జత కట్టే చురుకు ఉండాలి. హాల్, నైట్‌ల అభ్యాసాలు ఆ చురుకును ఇచ్చాయి, వాటి మీద పెరిగిన తరాలకు చేయి తిరిగిందనడంలో అబద్ధం లేదు. నా అభ్యంతరం లెక్కల సంఖ్య గురించి కాదు, వాటిలో లోపించిన రకం గురించి. వంద లెక్కల్లో పది లెక్కలు మూడే పదాలతో ఇచ్చి, నాలుగోది నువ్వే తెచ్చుకో అంటే పుస్తకం బరువేమీ పెరగదు. యక = 4య + 3క + 2 చేయడానికి ఎనిమిదో తరగతి వాడికి కావలసినవన్నీ ఇప్పటికే ఉన్నాయి: గళ్ల కాగితం, ఎక్కాలు, పద్నాలుగు కారణాంకాలు. ఒలింపియాడ్‌లకు తయారయ్యే కొద్దిమంది పిల్లలు ఇవాళ ఈ ఉపాయాన్ని కోచింగుల్లో ప్రత్యేకంగా నేర్చుకుంటున్నారు. ప్రకరణంలో మొదటి ఉదాహరణగా ఉండాల్సింది పోటీ పరీక్షల రహస్యంగా మారడం వింత.

అన్నీ మనవాళ్లే కనిపెట్టారనే పాటలో ఇది ఇంకో చరణం కదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. హ్యారియట్ పుస్తకానికీ కోల్‌బ్రూక్ అనువాదానికీ మధ్య 186 ఏళ్లున్నాయి, హ్యారియట్ భాస్కరుణ్ణి చదివాడనడానికి ఆధారం లేదు, ఆయిలర్ సంగతీ అంతే. ఎవరి దారిన వాళ్లు వచ్చారు. నేను చెబుతున్నది ఎవరు ముందన్నది కాదు, ఏ దారిలో ఏముందన్నది. ఈ మాట గట్టిగా అనడానికి భాస్కరుడి ఇంకో లెక్క సాయపడుతుంది. ఒక సంఖ్యను పదితోనూ ఇంకోదాన్ని పద్నాలుగుతోనూ గుణించి కలిపి, అందులోంచి 58 తీసేస్తే వాటి లబ్ధానికి రెట్టింపు వస్తుంది. రెండుతో భాగించి మూల ముక్క చేరిస్తే (య − 7)(క − 5) = 6. ఆరును 1, 6గానూ 2, 3గానూ విడగొట్టి కలిపితే 8, 11; 13, 6; 9, 8; 10, 7 అనే జతలు వస్తాయి. కానీ భాస్కరుడి నియమంలో ఇష్టాన్ని బట్టి కలపనూ వచ్చు, తీసేయనూ వచ్చు అని ఉంది. తీసేసి చూడండి: 5, 2 వస్తాయి, 4, 3 వస్తాయి, 1, 4 కూడా వస్తాయి. 4, 3 తీసుకుంటే నలభైకి నలభై రెండు కలిపి 58 తీస్తే 24, లబ్ధానికి రెట్టింపూ 24. లెక్క సరిపోయింది. అయితే ఈ జవాబుకు ముందటి బొమ్మ గీయలేం. నాలుగు పొడవున్న దీర్ఘచతురస్రంలోంచి ఏడు వెడల్పున్న పట్టీ ఎవరూ కోయలేరు. బొమ్మ ఆగిన చోట రాశిగతం నడిచింది, రెండు రుణరాశుల లబ్ధం ధనం అన్న ఒక్క నియమం అండతో. మూల ముక్కను బొమ్మలో చూసినవాడే దాన్ని బొమ్మ లేని చోటికి కూడా మోసుకెళ్లాడు. ఆ రెండో అడుగు వేసినందువల్లే 1150 నాటి ఆ ప్రకరణాన్ని క్షేత్రగణితమని కాక బీజగణితమని అనాల్సి వస్తోంది.